దయాకృష్ణ - భారతీయ తత్త్వశాస్త్ర చరిత్ర

ఆచార్య దయాకృష్ణ (1924 - 2007) ఇరవయ్యవ శతాబ్దపు భారతీయ తత్త్వవేత్తలలో ప్రముఖుడు. జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం తత్త్వశాస్త్ర ఆచార్యుడుగా పనిచేశాడు. తత్త్వశాస్త్రానికీ ఆ శాస్త్రపు చరిత్రకూ గల సంబంధం ఏమిటన్న ప్రశ్నను భారతీయ దర్శనాల విషయంలో ఈయన అడిగినంత సూటిగా అడిగినవారు అరుదు. పాఠ్యపుస్తకాలలో కనిపించే దర్శనాల చరిత్రను మూలగ్రంథాలతో పోల్చి చూస్తే అది నిలవదనీ, భారతీయ తత్త్వచింతన ఎప్పుడో ముగిసిపోయినదన్న అభిప్రాయం ఆ చరిత్రరచన వల్లనే బలపడిందనీ ఈయన వాదించాడు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ పరిశోధనను గురించినది.

ప్రశ్న నేపథ్యం

భౌతికశాస్త్రం చదివే విద్యార్థి న్యూటన్ వ్రాసిన మూలగ్రంథాన్ని చదవవలసిన అవసరం లేదు. అందులోని సారమంతా నేటి పాఠ్యపుస్తకంలోకి వచ్చేసి ఉంటుంది. తత్త్వశాస్త్రం సంగతి అలా కాదు. ప్లేటో, అరిస్టాటిల్, డెకార్ట్, కాంట్ గ్రంథాలను ఇప్పటికీ విశ్వవిద్యాలయాలలో మూలంగానే చదువుతారు. రెండువేల సంవత్సరాల నాటి వాదంతో నేటి విద్యార్థి తలపడతాడు. అయితే అది చరిత్ర చదవడమా, తత్త్వశాస్త్రం చేయడమా అన్నది తేలని ప్రశ్న.

పాశ్చాత్యులలో దీనికి పలు సమాధానాలు ఉన్నాయి. అరిస్టాటిల్ తన 'మెటాఫిజిక్స్' మొదటి భాగంలో పూర్వుల మతాలను వరుసగా సమీక్షించి, వారు తాను చెప్పబోయే దానిని అస్పష్టంగా సూచించినవారన్నట్లు చూపాడు. హెగెల్ తన ఉపన్యాసాలలో తత్త్వశాస్త్ర చరిత్ర అంతా ఒకే సత్యం క్రమక్రమంగా వికసించిన కథ అన్నాడు. ఆ కథలో అసలు తత్త్వశాస్త్రం గ్రీకులతో మొదలవుతుంది. భారతదేశానికి గుమ్మం దగ్గరే చోటు. ఇరవయ్యవ శతాబ్దంలో విశ్లేషణాత్మక తత్త్వవేత్తలు పలువురు చరిత్ర వేరు, తత్త్వశాస్త్రం వేరు అని భావించారు. 1984లో రిచర్డ్ రోర్టీ, జె.బి. ష్నీవిండ్, క్వెంటిన్ స్కిన్నర్ సంపాదకత్వంలో వెలువడిన 'ఫిలాసఫీ ఇన్ హిస్టరీ' అన్న వ్యాససంపుటి ఈ చర్చను మళ్ళీ ముందుకు తెచ్చింది.

భారతదేశంలో ఈ ప్రశ్నకు మరొక ముడి ఉంది. ఇక్కడి దర్శనాలకు నేడు మనం చెప్పుకునే చరిత్ర 19వ శతాబ్దంలోనే రూపం దిద్దుకోవడం మొదలుపెట్టింది. 1820లలో కోల్‌బ్రూక్ వ్యాసాలు, 1899లో మాక్స్ ముల్లర్ వ్రాసిన 'ది సిక్స్ సిస్టమ్స్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ', తరువాత సురేంద్రనాథ్ దాస్‌గుప్తా ఐదు సంపుటాల చరిత్ర (1922 - 1955), సర్వేపల్లి రాధాకృష్ణన్ రెండు సంపుటాల 'ఇండియన్ ఫిలాసఫీ' (1923, 1927), మైసూరు హిరియణ్ణ 'అవుట్‌లైన్స్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ' (1932) - తరువాతి తరాల విద్యార్థులు చాలావరకు వీటినే చదివి పరీక్షలు వ్రాశారు. ఈ గ్రంథాల పాండిత్యాన్ని ఎవరూ శంకించలేరు. వాటి చట్రం మాత్రం దాదాపు ఒకటే: ముందు వేదాలు, ఉపనిషత్తులు, తరువాత చార్వాక, జైన, బౌద్ధ మతాలు, ఆపైన ఆరు ఆస్తిక దర్శనాలు, చివరకు వేదాంతం.

ఇంతకుముందు సంస్కృతంలో మతాలను ఒకచోట కూర్చిన గ్రంథాలు లేకపోలేదు. 8వ శతాబ్దపు జైన పండితుడు హరిభద్రసూరి 'షడ్దర్శనసముచ్చయం' వ్రాశాడు. అయితే ఆయన లెక్కలోని ఆరు దర్శనాలు బౌద్ధం, న్యాయం, సాంఖ్యం, జైనం, వైశేషికం, జైమినీయం. యోగమూ వేదాంతమూ ఆ ఆరింటిలో లేవు! 14వ శతాబ్దంలో విజయనగర రాజ్యానికి చెందిన మాధవుడు 'సర్వదర్శనసంగ్రహం'లో పదహారు దర్శనాలను చెప్పాడు. చార్వాకంతో మొదలై మెట్టుమెట్టుగా అద్వైతానికి చేరే ఆ వరుస కాలక్రమాన్ని అనుసరించినది కాదు, గ్రంథకర్త దృష్టిలోని తారతమ్యాన్ని అనుసరించినది. అంటే 'షడ్దర్శనాలు' అని చిన్నప్పటి నుండి వింటున్న జాబితా కూడా అన్నికాలాలలో ఒకేలా లేదు.

జీవిత విశేషాలు

దయాకృష్ణ ఢిల్లీలో విద్యాభ్యాసం చేశాడు. తొలి గ్రంథం 'ది నేచర్ ఆఫ్ ఫిలాసఫీ' 1955లో వెలువడింది. మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం బోధించి తరువాత జైపూర్ చేరాడు. రాజస్థాన్ విశ్వవిద్యాలయానికి ప్రో వైస్ ఛాన్సలర్‌గా కూడా పనిచేశాడు. తొలిదశలో ఈయన వ్రాసినవాటిలో చాలాభాగం సమాజశాస్త్రం, అర్థశాస్త్రం, రాజనీతి గురించినవే: 'ప్లానింగ్, పవర్ అండ్ వెల్ఫేర్' (1959), 'సోషల్ ఫిలాసఫీ: పాస్ట్ అండ్ ఫ్యూచర్' (1969), 'పొలిటికల్ డెవలప్‌మెంట్' (1979) వీటిలో కొన్ని. భారతీయ దర్శనాల మీదికి ఈయన దృష్టి మళ్ళినది 1960ల మధ్యలో. అప్పటి వ్యాసాలే తరువాత 'ఇండియన్ ఫిలాసఫీ: ఎ కౌంటర్ పర్‌స్పెక్టివ్' (1991) అనే గ్రంథానికి పునాది.

మూడు అపోహలు

1966లో 'డయోజనీస్' పత్రికలో వెలువడిన వ్యాసంలో దయాకృష్ణ భారతీయ తత్త్వశాస్త్రం గురించి అందరూ నమ్మే మూడు విషయాలను అపోహలుగా పేర్కొన్నాడు. అవి: భారతీయ తత్త్వశాస్త్రం ఆధ్యాత్మికమైనది, అది వేదప్రామాణ్యాన్ని అంగీకరిస్తుంది లేదా నిరాకరిస్తుంది, అది దర్శనాలు లేక సంప్రదాయాలుగా విభజింపబడి ఉన్నది. ఈ మూడూ తొలగితే పాఠ్యపుస్తకాలలో మిగిలేది చాలా తక్కువ. అందుకే ఈ వ్యాసం అంత కలకలం రేపింది.

మొదటిది ఆధ్యాత్మికత. భారతీయ తత్త్వశాస్త్రపు ప్రత్యేకత దాని ఆధ్యాత్మిక దృష్టి అని రాధాకృష్ణన్ మొదలైనవారు వ్రాశారు. అమెరికన్ పండితుడు కార్ల్ పాటర్ 1963లో వెలువరించిన గ్రంథంలో మోక్షాన్ని, అనగా సంపూర్ణ స్వాతంత్ర్యాన్ని, కేంద్రంగా చేసుకొని దర్శనాలన్నిటినీ వివరించాడు. దయాకృష్ణ దీనిని ఒప్పుకోలేదు. ఆయన వాదం తేలికగా చెప్పాలంటే ఇది: ఒక గ్రంథం మొదట్లో ఫలశ్రుతిగా మోక్షం పేరు చెప్పినంత మాత్రాన ఆ గ్రంథం మోక్షాన్ని గురించినది అయిపోదు. న్యాయసూత్రాల తొలి సూత్రం పదహారు పదార్థాల తత్త్వజ్ఞానం వల్ల నిఃశ్రేయసం కలుగుతుందని చెబుతుంది. ఆ పదహారింటిలో జల్పం, వితండం, ఛలం, నిగ్రహస్థానం వంటివి ఉన్నాయి. ఇవి వాదంలో ఎదుటివానిని ఓడించే పద్ధతులు, ఓటమిని గుర్తించే స్థానాలు. వితండవాదం ఎలా చేయాలో తెలిస్తే మోక్షం ఎలా వస్తుంది? ఇక జైమిని, శబరస్వాముల నాటి మీమాంస చెప్పే ఫలం స్వర్గమే. మోక్షం ఆ శాస్త్రంలోకి తరువాత ప్రవేశించినది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఆన్వీక్షికి అంటే సాంఖ్యం, యోగం, లోకాయతం అన్నాడు. పరలోకాన్నే ఒప్పుకోని లోకాయతం ఆ జాబితాలో ఉన్నదన్న సంగతి ఇక్కడ గమనించదగినది.

రెండవది వేదప్రామాణ్యం. ఆస్తికం, నాస్తికం అన్న విభజన దీని మీదనే నిలిచి ఉంది. అయితే వేదం అంటే ఏది అని దయాకృష్ణ అడిగాడు. మీమాంసకులకు విధివాక్యాలే ముఖ్యం, మిగిలినది అర్థవాదం. వేదాంతులకు ఉపనిషత్తులే ప్రధానం, కర్మకాండ చిత్తశుద్ధికి మాత్రమే. ఒకరు ప్రమాణం అన్నదానిని మరొకరు పక్కన పెడుతున్నప్పుడు ఇద్దరూ 'వేదాన్ని అంగీకరించారు' అనే మాటకు అర్థం ఏమిటి? సాంఖ్య, వైశేషిక గ్రంథాలలోనైతే వేదం పట్ల గౌరవం ప్రకటించి, వాదాన్ని మాత్రం తర్కం మీదనే నడిపించడం కనబడుతుంది.

మూడవది సంప్రదాయాల విభజన. చరిత్రరచనకు అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. న్యాయం అన్నా వేదాంతం అన్నా ఒక సూత్రకారుడు చెప్పినదానిని శిష్యపరంపర వివరిస్తూ వచ్చినదే అనుకుంటే, ఆ మతంలో కొత్తది ఏదీ పుట్టనట్లే అవుతుంది. వాస్తవానికి గౌతముని నుండి వాత్స్యాయనుడు, ఉద్ద్యోతకరుడు, వాచస్పతి మిశ్రుడు, ఉదయనుడు, గంగేశుడు, రఘునాథ శిరోమణి వరకు న్యాయశాస్త్రం ఎంతో మారింది. రఘునాథుడు తన పూర్వులు అంగీకరించిన పదార్థాలలో కొన్నిటిని తోసిపుచ్చి కొత్తవి చేర్చాడు. వాచస్పతి మిశ్రుడు న్యాయ, సాంఖ్య, యోగ, మీమాంస, అద్వైతాలన్నిటిలోనూ ప్రామాణిక వ్యాఖ్యానాలు వ్రాశాడు. ఆయన ఏ సంప్రదాయపువాడు? తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. తర్కం చదివే ప్రతివాడూ మొదట పట్టే 'తర్కసంగ్రహం' కర్త అన్నంభట్టు (17వ శతాబ్దం) ఆంధ్రుడు. ఆయన బ్రహ్మసూత్రాలకు వృత్తినీ, మీమాంసలో, వ్యాకరణంలో వ్యాఖ్యలనూ కూడా వ్రాశాడు. ఒక గడిలో ఇమిడేవారు కారు వీరు.

దర్శనాన్ని మతవిశ్వాసంలాగా కాక నేటి శాస్త్రాలలోని ఆలోచనా ధోరణిలాగా చూడాలని దయాకృష్ణ సూచించాడు. అది ఎవరైనా చేపట్టవచ్చు, మార్చవచ్చు, వదిలివేయవచ్చు.

గ్రంథాల పునఃపరిశీలన

సాధారణ వ్యాఖ్యలతో ఆగక దయాకృష్ణ ఒక్కొక్క గ్రంథాన్ని తీసుకొని పరీక్షించాడు. ఈ భాగమే ఆయన కృషిలో ఎక్కువ విలువైనది, ఎక్కువ వివాదాస్పదమైనది కూడా.

ఉపనిషత్తులు ఏమిటి అన్న శీర్షికతో ఒక వ్యాసం వ్రాశాడు. ఉపనిషత్తులను స్వతంత్ర గ్రంథాలుగా ముద్రించి చదవడం మనకు అలవాటు. కాని బృహదారణ్యకం శతపథబ్రాహ్మణపు చివరి భాగం. ఈశావాస్యం శుక్లయజుర్వేద సంహితలోని నలభయ్యవ అధ్యాయం. కేనం జైమినీయ శాఖకు చెందిన బ్రాహ్మణంలోనిది. వీటిని ఎవరు, ఎప్పుడు, ఏ ప్రాతిపదికన విడదీసి తీశారు? అలా ఏరి తీయడం వల్ల మిగిలిన బ్రాహ్మణభాగం తాత్త్వికంగా ఎందుకూ పనికిరానిదన్న భావం ఎలా ఏర్పడింది? వేదవాఙ్మయం మీద వ్రాసిన మరొక వ్యాసంలో శాఖాభేదాలను, ఒకే మంత్రం పలు సంహితలలో కనబడడాన్ని చర్చించాడు. సామవేదంలోని ఋక్కులు దాదాపు అన్నీ ఋగ్వేదంలోనివే అన్నది తెలిసిన విషయమే. అయితే 'నాలుగు వేదాలు' అనే మాటను ఈ దృష్టితో ప్రశ్నించడం చాలామందికి మింగుడుపడలేదు.

శంకరుని అధ్యాసభాష్యం గురించిన వ్యాసంలో ఆయన లేవనెత్తిన చిక్కు సూక్ష్మమైనది. శంకరుడు బ్రహ్మసూత్రభాష్యాన్ని చీకటి వెలుగుల వలె పరస్పర విరుద్ధమైన విషయ, విషయుల భేదంతో ప్రారంభిస్తాడు. ఒకదాని ధర్మాలను మరొకదాని మీద ఆరోపించడమే అధ్యాస అంటాడు. రెండు ఉన్నాయని మొదలుపెట్టిన ఈ ఆరంభం అద్వైతానికి తగినదేనా, సాంఖ్యులకు తగినదా అని దయాకృష్ణ ప్రశ్న. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక నిజంగా సాంఖ్యమేనా అని అడుగుతూ ఇంకొక వ్యాసం వ్రాశాడు.

చరిత్రరచన దృష్ట్యా చూస్తే క్రీస్తుశకం మొదటి వేయి సంవత్సరాలలో వేదాంతం గురించిన వ్యాసం అన్నిటికంటె ముఖ్యమైనది. కార్ల్ పాటర్ సంపాదకత్వంలో 1970 నుండి వెలువడుతూ వచ్చిన భారతీయ దర్శనాల విజ్ఞానసర్వస్వంలోని గ్రంథసూచిని ఆధారంగా చేసుకొని, ఏ శతాబ్దంలో ఏ మతంవారు ఎంత వ్రాశారో దయాకృష్ణ పరిశీలించాడు. బ్రహ్మసూత్రాలకూ శంకరునికీ మధ్య కొన్ని శతాబ్దాల పాటు వేదాంత రచనలు బహుస్వల్పం. ఆ కాలమంతా రంగాన్ని ఏలినవారు బౌద్ధులు, వారితో తలపడిన నైయాయికులు, మీమాంసకులు. నాగార్జునుడు, వసుబంధువు, దిఙ్నాగుడు, ధర్మకీర్తి ఈ యుగంవారే. వేదాంతం ఆది నుండి ప్రధానధార అన్న మన నమ్మకం తరువాతి కాలపు ప్రాబల్యాన్ని వెనుకటి కాలానికి అంటగట్టడం వల్ల కలిగిన భ్రమ అని ఆయన తేల్చాడు. శంకరుని తరువాతి వాఙ్మయం విస్తారమైనందున ముందున్నది కూడా అంతే అనుకోవడం సహజమే. కాని చరిత్ర వ్రాసేవాడు ఏ కాలాన్ని ఆ కాలపు గ్రంథాలతోనే కొలవాలి.

సంవాదం

కాలగర్భంలో కలిసిన మతాలను గురించి వ్రాయడం కాక, వాటిని ఇంకా నోటితో వాదించగలిగిన పండితులతో మాట్లాడడం దయాకృష్ణ చేపట్టిన మరొక పని. పాఠశాలలలో సంస్కృతంలో శాస్త్రాలు చదువుకున్న పండితులకూ, విశ్వవిద్యాలయాలలో ఇంగ్లీషులో తత్త్వశాస్త్రం చదువుకున్న ఆచార్యులకూ ఒకరి మాట ఒకరికి తెలియని స్థితి ఏర్పడి ఉన్నది. ఒకే దేశంలో, ఒక్కోసారి ఒకే ఊళ్ళో ఉంటూ ఈ రెండు వర్గాలూ కలుసుకోలేదు. 1983లో పూణేలో ఎం.పి. రేగే తదితరులతో కలిసి ఏర్పాటు చేసిన సమావేశంలో బెర్ట్రాండ్ రస్సెల్ ప్రతిపాదించిన 'ప్రపోజిషన్' భావనను సంస్కృతంలో పండితుల ముందు ఉంచారు. న్యాయశాస్త్ర పరిభాషలో దానికి సమానమైనది ఉన్నదా, లేకపోతే ఎందుకు లేదు, అసలు అటువంటి పదార్థం అవసరమా అన్న చర్చ సాగింది. ఆ చర్చలు 'సంవాద' పేరుతో 1991లో గ్రంథంగా వెలువడ్డాయి. తరువాత మీమాంస గురించి తిరుపతిలో, న్యాయం గురించి సారనాథ్‌లో, భక్తి గురించి బృందావనంలో ఇటువంటి సమావేశాలు జరిగాయి.

ఈ సంవాదాల ఫలాలలో బాగా ప్రసిద్ధమైనది వారణాసికి చెందిన నైయాయికుడు బదరీనాథ్ శుక్లా చేసిన ప్రతిపాదన. న్యాయశాస్త్రంలో ఆత్మ ప్రత్యేక ద్రవ్యం. దానిని వదిలి, శరీరమూ మనస్సూ చాలునని చెప్పినా న్యాయసిద్ధాంతం నిలబడగలదని ఆ సంప్రదాయ పండితుడే శాస్త్రమర్యాదకు లోబడి వాదించి చూపాడు. ఈ దేహాత్మవాద వ్యాసాన్ని ముకుంద్ లాఠ్ ఇంగ్లీషులోకి అనువదించాడు. న్యాయం ఎప్పుడో రాయిలా గట్టిపడిపోయినదన్న వారికి ఇంతకంటె మంచి జవాబు లేదు.

భారతీయ తత్త్వశాస్త్ర పరిశోధనా మండలి పత్రికకు సంపాదకుడిగా ఉన్నకాలంలో కూడా ఆయన ఇదే పని చేశాడు. 'నోట్స్ అండ్ క్వెరీస్' శీర్షిక క్రింద చిన్నచిన్న ప్రశ్నలు ప్రకటించి జవాబులు కోరేవాడు. న్యాయం వాస్తవికవాదమా, భావవాదమా అన్న ప్రశ్న వీటిలో ఒకటి. ఉన్నదంతా తెలియదగినది, చెప్పదగినది అని నైయాయికులు అంటారు. ఉనికికీ తెలియబడడానికీ అంత విడదీయరాని బంధం ఉంటే దానిని వాస్తవికవాదం అనడం ఎలా కుదురుతుంది అని ఆయన సందేహం. న్యాయశాస్త్రంలో ఆరితేరినవారు పలువురు దీనికి సమాధానాలు వ్రాశారు. తనను ఖండించిన జవాబులను కూడా ఆయన ప్రచురించాడు. ఇటువంటి చర్చలను 2004లో 'డిస్కషన్ అండ్ డిబేట్ ఇన్ ఇండియన్ ఫిలాసఫీ' పేరుతో సంపుటిగా తెచ్చాడు.

పద్దెనిమిదవ శతాబ్దం తరువాత

చాలా చరిత్రగ్రంథాలు 16, 17 శతాబ్దాలతో ఆగిపోతాయి. తరువాత ఇంగ్లీషు చదువులు వచ్చేవరకు ఏమీ జరగలేదన్న భావన పాఠకునికి కలుగుతుంది. దీనిని సరిచేయడానికి దయాకృష్ణ 2002లో 18వ శతాబ్దం నుండి భారతీయ తత్త్వశాస్త్రంలో జరిగిన పరిణామాల మీద ఒక గ్రంథం వ్రాశాడు. ఇది డి.పి. ఛటోపాధ్యాయ ప్రధాన సంపాదకత్వంలోని భారతీయ విజ్ఞాన, తత్త్వ, సంస్కృతి చరిత్ర గ్రంథమాలలో భాగం. అందులో ప్రాచీన పద్ధతిలో శాస్త్రాలను కొనసాగించినవారినీ, పాశ్చాత్య పద్ధతిలో వ్రాసినవారినీ కూడా చేర్చాడు.

ఈయన సమకాలికుడే అయిన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు కొత్త సచ్చిదానందమూర్తి (1924 - 2011) కూడా 'ఫిలాసఫీ ఇన్ ఇండియా' (1985) గ్రంథంలో దేశంలో తత్త్వశాస్త్ర సంప్రదాయాలను, బోధనను, పరిశోధనను సమీక్షించాడు. ఇద్దరి ధోరణులు వేరు. తెలుగు చదువరులు రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ప్రయోజనం ఉంటుంది.

విమర్శలు

దయాకృష్ణ వాదాలకు బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. కార్ల్ పాటర్ వాటికి జవాబిస్తూ, 1985లో దయాకృష్ణ సంపాదకత్వం వహించిన పత్రిక పుటలలోనే, భారతీయ తత్త్వవేత్తలందరూ 'భారతీయ తత్త్వవేత్తలే'నా అని ఎదురు ప్రశ్న వేశాడు. గ్రంథకర్తలే తమ లక్ష్యం మోక్షమని చెప్పుకున్నప్పుడు దానిని కేవలం అలంకారంగా తీసిపారేయడం న్యాయమేనా అన్నది ఈ పక్షంవారి ప్రధాన అభ్యంతరం. ప్రాచీనులను వారి మాటలలో కాక నేటి తత్త్వశాస్త్ర విభాగాల అభిరుచిని బట్టి చదువుతున్నాడనే మాట కూడా వినవచ్చింది. దయాకృష్ణ గురుముఖతః శాస్త్రాలు చదివిన పండితుడు కాడు కనుక సంస్కృత వ్యాఖ్యానాల లోతుపాతులను తగినంత పట్టించుకోలేదని కొందరి అభిప్రాయం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. వేదవాఙ్మయం మీది వ్యాసాలలో ఆయన ఇచ్చిన జవాబుల కంటె వేసిన ప్రశ్నలే గట్టివి. గ్రంథసూచిలో సంఖ్యలను బట్టి ఒక మతపు ప్రాబల్యాన్ని నిర్ణయించడం మీద కూడా అనుమానానికి తావున్నది. నశించిపోయిన గ్రంథాలు, గ్రంథస్థం కాని బోధనలు ఆ లెక్కకు అందవు. శంకరుడు తన భాష్యంలో పూర్వ వేదాంత వ్యాఖ్యాతల మతాలను ప్రస్తావించి ఖండించడం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

'ది ఫిలాసఫీ ఆఫ్ దయాకృష్ణ' (1996) ఆయన జీవించి ఉండగానే ఆయన కృషి మీద వెలువడిన వ్యాససంపుటి. మరణానంతరం నళినీ భూషణ్, జే గార్‌ఫీల్డ్, డేనియల్ రావే సంపాదకత్వంలో ఎంపిక చేసిన వ్యాసాలు 'కాంట్రరీ థింకింగ్' పేరుతో 2011లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం నుండి వెలువడ్డాయి. మూడు అపోహల వ్యాసాన్ని మొదట చదివి, తరువాత వేదాంతం గురించిన వ్యాసానికి వెళ్ళడం కొత్తగా చదివే విద్యార్థులకు సులువు.